బళ్లు కుంగిన సాయంత్రం

మా సర్వీస్ సెంటర్‌కి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది నేనే. షట్టరు ఎత్తగానే గ్రీజు, రబ్బరు, తడి సిమెంటు కలిసి మగ్గిన వాసన మొహానికి కొడుతుంది. నాకది ఇష్టం. పదిహేడేళ్లుగా ఆ వాసనలోనే బతుకుతున్నాను.

ఇక్కడ నన్నెవరూ పేరుపెట్టి పిలవరు. 'మూడుసార్లు' అంటారు. ప్రతి నట్టూ మూడుసార్లు బిగిస్తాను గనక. ఒకసారి బిగిస్తాను. రెండోసారి పానా పెట్టి చూస్తాను. బండి కిందికి దించాక మళ్లీ ఇంకోసారి. "వాడు ఇంటికి తాళం వేసి బయల్దేరేసరికి మనం డ్యూటీ దిగుతాం" అని నవ్వుతారు తోటి మెకానిక్కులు. నవ్వనీ. నేను పుట్టుకతో మూడుసార్లుగాణ్ణి కాదని వాళ్లకి తెలుసు. రెండేళ్ల కిందటి దాకా ఒక్కసారే బిగించేవాణ్ణి. అది సరిపోయేది.

మా అక్క భర్త వడ్రంగి. పక్కన నిలబడితే వార్నిష్ వాసన వేసేవాడు. తొంభై ఆరు కిలోల మనిషి. ఆయన స్టీరింగు ముందు కూర్చుంటే ఆ పక్కన బండి నాలుగు వేళ్లు కిందికి దిగేది. "మెల్లిగా బావా, స్ప్రింగులు ఏడుస్తున్నాయి" అనేవాణ్ణి. "ఏడవనీరా, బరువు మొయ్యడానికేగా అవి పుట్టింది" అనేవాడు. సర్వీసు చేసి తాళం చేతిలో పెట్టిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న.

"బిగించావా బావమరిదీ?"

"బిగించాను బావా."

ఆఖరిసారి అలా అడిగి బండి తీసుకెళ్లిన తొమ్మిదో రోజున, పట్టపగలు, తిన్నటి రోడ్డు మీద, ఆ బండి దానంతటదే పక్కకి తిరిగి గోడని గుద్దింది. ముందు చక్రం ఒకటి ఊడి ఎక్కడో కాలవలో దొరికింది. బావ ఆస్పత్రి దాకా కూడా రాలేదు.

కంపెనీ నుంచి తనిఖీ అధికారి ఒకాయన వచ్చాడు. బండి చూశాడు, ఫొటోలు తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. నాలుగో రోజున మా మేనేజరు నన్ను తన అద్దాల గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. సర్వీసు చేసినప్పుడు చక్రం దగ్గర నట్టు సరిగ్గా బిగించకపోవడం నా పొరపాటేనని అందులో ఉంది.

"సంతకం పెట్టు. ఇంటి మనిషివే కదా, కేసు దాకా పోదు. నేను చూసుకుంటాను" అన్నాడు.

"నేను బిగించాను సార్."

"గుర్తుందా నీకు? ఆ నట్టు, ఆ రోజు, నీ చేత్తో బిగించినట్టు ప్రమాణం చేసి చెప్పగలవా?"

ఆలోచించాను. ఆ రోజు పదకొండు బళ్లు చేశాను. పొద్దున మీ ఇంటి తలుపుకి గడియ వేశారా లేదా అని ఎవడైనా గొంతు మీద కాలేసి అడిగితే, వేశానని మీరు మాత్రం గట్టిగా చెప్పగలరా? బావ చితి చల్లారి రెండు రోజులైనా కాలేదు. నా చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకుతున్న చేతుల్ని చూసి నాకే అనుమానం వచ్చింది.

సంతకం పెట్టాను.

ఆ కాగితం నకలు అక్కకి అందింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. వీధిలో ఎదురుపడితే అవతలి వైపుకి దాటేది. గుద్దుకుని ముద్దయిన బండిని పాత సామానుకి అమ్మెయ్యమని అందరూ చెప్పారు. వినలేదు. బావ పని చేసుకునే రేకుల షెడ్డులోనే టార్పాలిన్ కప్పి ఉంచుకుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నాలుగు నెలల కిందట కంపెనీ నుంచి ఇంకో కాగితం వచ్చింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

బండికి చక్రాన్ని పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంటుంది. లోయర్ ఆర్మ్ అంటాం. మన భుజానికి ఉన్నట్టే దాని కొసన ఒక గుండు కీలు. నేను బిగించలేదని రాయించుకున్నది దాని నట్టే. పోత పోసేటప్పుడు కొన్ని ఆర్ముల్లో గాలి బుడగలు ఉండిపోయాయట. పైకి ఏమీ తెలీదు. ఒక రోజు పుటుక్కున విరుగుతుంది. చక్రం లోపలికి మడతపడుతుంది. స్టీరింగు చేతిలోనే ఉంటుంది, బండి మాత్రం మన మాట వినదు. అందుకని ఆ మోడలు బళ్లన్నీ వెనక్కి పిలిచి ఉచితంగా ఆర్ములు మార్చాలట. కింద చిన్న అక్షరాల్లో వివరాలున్నాయి. 'ఈ లోపం వల్ల సంభవించిన మరణాలు: ఏడు.' మొదటి ఫిర్యాదు అందిన తేదీ కూడా ఉంది.

బావ పోవడానికి పదకొండు నెలల ముందు తేదీ అది.

నిలబడ్డ చోటే చదివాను. మళ్లీ చదివాను. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది మాట వరసకి అనేది కాదని ఆ రోజు తెలిసింది. పదకొండు నెలల ముందే వీళ్లకి తెలుసు. తెలిసి నా చేత సంతకం పెట్టించారు.

అయినా మర్నాడు పనికొచ్చాను. నోట్లో నాలుక లేనివాడికి కోపమొస్తే ఎవరికి నష్టం? వాడి కడుపే కాలుతుంది. రోజుకి పది పన్నెండు బళ్లకి పాత ఆర్ములు విప్పి పీపాలో పడేస్తూ, కొత్తవి బిగిస్తూ, పళ్లు కొరుక్కుంటూ గడిపాను. అక్కకి ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. రెండున్నరకి గేటు ముందు బళ్లు లాగే లారీ ఒకటి వచ్చి ఆగింది. దాని మీద టార్పాలిన్ కప్పిన బండి. లారీ ముందు సీట్లోంచి అక్క దిగింది. గొడుగు లేదు. తిన్నగా కస్టమర్లు కూర్చునే గదిలోకి వచ్చింది. కాఫీ కప్పులు పట్టుకున్న ఏడెనిమిది మంది తలెత్తి చూశారు.

మేనేజరు ఎదురొచ్చాడు. అక్క చేతిలోని ఉత్తరం విప్పింది.

"మా ఆయన పేరు మీద వచ్చింది. మీ భద్రతే మాకు ముఖ్యం, మీ వాహనాన్ని వీలైనంత త్వరగా తీసుకురండి అని రాశారు. ఆయన రాలేడు. ఎందుకు రాలేడో మీకు తెలుసు. బండి తెచ్చాను. బాగుచెయ్యండి."

"అమ్మా, మీరు ముందు కూర్చోండి. కాఫీ తాగుతారా..."

"నేను కాఫీకి రాలేదండీ."

గదిలో ఎవరూ కప్పు ఎత్తలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతినిండా గ్రీజు. అక్క నా వైపు తిరిగింది. రెండేళ్ల తర్వాత నా మొహంలోకి చూసింది.

"సంతకం ఎందుకు పెట్టావురా?"

చేతుల గ్రీజు చొక్కాకి తుడుచుకున్నాను.

"నువ్వు బిగించావా, లేదా?"

"గుర్తు లేదక్కా..."

"గుర్తు లేనివాడివి గుర్తు లేదని రాయాలి. నేనే చేశానని ఎందుకు రాశావు? నిన్ను శపిస్తూ పడుకున్నాను. శపిస్తూ లేచాను. వీళ్లకి తగలాల్సిన తిట్లన్నీ నీ నెత్తిన పోశాను. ఈ రెండేళ్లూ నాకు ఎవడు తిరిగిస్తాడు? నువ్విస్తావా?"

చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

ఆవిడ మళ్లీ మేనేజరు వైపు తిరిగింది. "ఆ విరిగిన ఆర్మ్ ముక్క ఇంకా బండికే ఉంది. దాన్ని వీడే తియ్యాలి. వీడి చేత్తో, నా కళ్లెదుట. బండి తెచ్చి ఇక్కడ పెట్టొద్దని మా లాయరు నెత్తీనోరూ కొట్టుకున్నాడు. నాకు వీడు తియ్యడం కావాలి."

మేనేజరు గొంతు తేనె పూసుకుంది. "తప్పకుండా అమ్మా. ఇవాళ మనుషులు ఖాళీ లేరు. రేపు పొద్దున తొమ్మిదింటికి మీ ముందే తీయిస్తాను."

అక్క ఉత్తరం మడిచి పట్టుకుంది. "తొమ్మిదింటికి" అని వెళ్లిపోయింది.

బండిని షెడ్డు చివరి మూలకి తోయించి, మేనేజరు నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు.

"పొద్దున ఆరింటికి కంపెనీ లారీ వస్తుంది. పీపాల్లోని పాత ఆర్ములన్నీ కరిగించడానికి పోతున్నాయి. ఇవాళ అందరూ వెళ్లాక ఆ ముక్క కూడా విప్పి అందులో వెయ్యి. పీపాలోంచి విరగని ఆర్మ్ ఒకటి తీసి దాని చోట తగిలించు."

"రేపు అక్క చూస్తుంది కదా సార్."

"చూడనీ. ఆర్మ్ బాగానే ఉంటుంది. నట్టు మాత్రం పెట్టకు."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు గుయ్యిమన్నాయి.

"అంటే... మళ్లీ నేనే..."

"నీకు కొత్తగా పోయేదేముంది? ఎలాగూ సంతకం పెట్టినవాడివేగా. ఫోర్‌మన్ ఈ ఏడాది దిగిపోతున్నాడు. ఆ కుర్చీ ఎవరిదో ఆలోచించుకో."

అవునని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. తల ఊపాను. పదిహేడేళ్లుగా ఊపి ఊపి అరిగిపోయిన తల. కానీ అద్దాల గది దాటేసరికి ఒకటి తేల్చుకున్నాను. ఆ ముక్క విప్పుతాను, పీపాలో వెయ్యను. ఇంటికి పట్టుకుపోతాను. తర్వాత సంగతి తర్వాత.

ఆరున్నరకల్లా అందరూ వెళ్లిపోయారు. గేటు దగ్గర కాపలా ఉండే తాత ఒక్కడే మిగిలాడు, తన గదిలో రేడియో పెట్టుకుని. వాన జోరందుకుంది. రేకుల కప్పు మీద ఆ మోత తప్ప ఇంకేమీ వినపడటం లేదు. రిపేరు వంతు కోసం ఎదురుచూస్తున్న బళ్లు షెడ్డులో రెండు వరసలుగా నిలిచి ఉన్నాయి. మొత్తం పంతొమ్మిది. అన్నీ అదే మోడలు. అన్నిటి తాళాలూ బోర్డుకి వేలాడుతున్నాయి.

టార్పాలిన్ లాగేశాను. తుప్పు, తడి గుడ్డల వాసన. ముందు భాగం నొక్కేసిన డబ్బాలా ఉంది. గోడ గుద్దుకున్న వైపు చక్రం లేదు, ఆ మూలకి చెక్క దిమ్మె ఆనించారు. మిగతా మూడు చక్రాల్లో గాలి లేదు. బళ్ల కిందికి దూరడానికి వాడే చిన్న చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని టార్చి పట్టుకుని కిందికి జరిగాను.

విరిగిన ఆర్మ్ కనిపించింది. సగం బండికి వేలాడుతోంది. రెండో సగం, కీలు ఉన్న కొస, చక్రం కూర్చునే ఇనప దిమ్మెకి అంటుకుని ఉంది. విరిగిన చోట ఇనుము లోపల చింతగింజంత గుంట. గాలి బుడగ.

టార్చి ఇంకొంచెం పక్కకి తిప్పాను.

నట్టు ఉంది.

కీలు కొసన, దాని చోట అది ఉంది. రెండేళ్ల తుప్పు కింద కూడా దిట్టంగా బిగిసి ఉంది. అది ఊడకుండా రంధ్రంలో పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ వంచి ఉన్నాయి. ఒక కాలు పైకి, ఒక కాలు పక్కకి. అలా వంచేది ఈ షెడ్డులో నేనొక్కణ్ణే.

బిగించాను. నేను బిగించాను!

ఆ తనిఖీ అధికారి ఫొటోలు తీసుకున్నది ఇక్కడే. ఈ నట్టు ఆయన మొహానికి జానెడు దూరంలో ఉండి ఉంటుంది. చూశాడు. చూసి, బిగించలేదని రాశాడు. నా ఏడుపు, అక్క శాపాలు, రెండేళ్లుగా ప్రతి నట్టుకీ మూడుసార్లు వణికిన నా చేతులు... అన్నీ వీళ్లకి తెలిసే జరిగాయి. పళ్లు ఎంత గట్టిగా కరిచానంటే దవడ నొప్పెట్టింది. పానా పెట్టి పిన్ను, నట్టు కదలకుండా ఆ కొస మొత్తాన్నీ విప్పడం మొదలుపెట్టాను. ఆఖరి బోల్టు ఊడింది. ముక్క నా చేతిలో పడింది.

అప్పుడు బండి కిందికి దిగింది.

ముందు నాకు తెలియలేదు. టార్చి వెలుగులో బండి అడుగు రేకు నా మొహం మీదికి వస్తున్నట్టు కనిపించింది. మెల్లిగా... కిర్ర్‌మంటూ... ఆగింది. ముక్కుకి రెండంగుళాల దూరంలో.

చెక్క దిమ్మె జారిందేమో అనుకున్నాను. తల తిప్పి చూశాను. దిమ్మె ఉన్న చోటే ఉంది. దిగింది ఆ వైపు కాదు. అవతలి వైపు. స్టీరింగు ఉన్న వైపు.

నాలుగు వేళ్లు.

ఒక్క ఉదుటున బయటికి జరిగి లేచి నిలబడ్డాను. లోపల ఎవరూ లేరు. నలిగిన తలుపు నలిగినట్టే ఉంది. సీటు ఖాళీ. కానీ సీటు మీది రెక్సిన్ లోపలికి కుంగి ఉంది... గుండ్రంగా... మనిషి కూర్చున్నట్టు. తుప్పు వాసన పోయింది. దాని చోట ఇంకో వాసన. పచ్చి వార్నిష్.

పరిగెత్తాలని ఉంది. పరిగెత్తలేదు. వాన మోత ఉన్నట్టుండి దూరంగా వెళ్లిపోయినట్టైంది, చెవుల్లో దూది పెట్టుకున్నట్టు. ఆ నిశ్శబ్దంలో, చెవికి చాలా దగ్గరగా, గొంతు లేని గొంతు ఒకటి...

"బిగించావా..."

ఒళ్లంతా గగుర్పొడిచింది. అయినా చెప్పాను. రెండేళ్లుగా చెప్పలేకపోయింది చెప్పాను.

"బిగించాను బావా... ఇదిగో... నా చేతిలో ఉంది. బిగించే ఉంది."

ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. భయంతోనా, కోపంతోనా... ఏమో.

వెనక ఎక్కడో కిర్ర్‌మంది.

తిరిగి చూశాను. మొదటి వరసలో చివరి బండి. తెల్లది. దాని ముందు భాగం మెల్లిగా కిందికి దిగి ఆగింది. తలుపు తెరుచుకోలేదు. ఎవరూ కనపడలేదు. దిగింది, అంతే. బరువు ఎక్కితే ఎంత దిగుతుందో అంత.

దాని పక్కది దిగింది. తర్వాత ఎదురు వరసలో ఒకటి. మూడు... నాలుగు... ఎవరో ఎక్కుతున్నారు. ఒక్కొక్కరే. తొందర లేకుండా. ఐదు... ఆరు... ఏడు.

ఏడు. కాగితంలో ఉన్నది ఏడు. ఇక ఆగిపోతుందనుకున్నాను.

ఎనిమిది.

గోడకి ఆనుకున్నాను. తొమ్మిది... పది... కొన్ని బళ్లలో ఒకరు ఎక్కారు. కొన్నిట్లో వెనక సీటు కూడా దిగింది. ఇరవై మూడు దాకా లెక్కపెట్టి, ఇక పెట్టలేకపోయాను. పంతొమ్మిది బళ్లూ నేలకి వొంగి ఉన్నాయి. కదలిక లేదు. చప్పుడు లేదు. ఖాళీ అద్దాల వెనక నుంచి ఎవరో అందరూ కలిసి ఒకే వైపు చూస్తున్నట్టుంది. నా వైపు కాదు...

షెడ్డు గుమ్మం వైపు.

అక్కడ హెడ్‌లైట్లు వెలిగాయి. మేనేజరు కారు వచ్చి ఆగింది. ఆయనదీ అదే మోడలు. గొడుగు విప్పుకుంటూ దిగి లోపలికి వచ్చాడు.

"అయిందా?"

నేను తల అడ్డంగా ఊపాను. నా చేతిలోని ముక్క చూశాడు.

"అదేనా? ఇటివ్వు. పీపాలో నేనే వేస్తాను. నీ మీద నాకు నమ్మకం లేదు."

"సార్..." గుసగుసగా అన్నాను. "మెల్లిగా మాట్లాడండి."

"ఎవరున్నారిక్కడ?"

బళ్ల వైపు చూశాను. ఆయన చెయ్యి చాచాడు. నేను ముక్కని గుండెలకి అదుముకున్నాను.

"నట్టు ఉంది సార్. బిగించే ఉంది. మీకు తెలుసు."

"తెలిస్తే ఏంటి? పోయినవాడు పోయాడు. ఇక్కడ నలభై కుటుంబాలు బతుకుతున్నాయి."

ఆ మాటతో నాలో ఏదో తెగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన కారు వైపు చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఒక సోమవారం నా చేత ఆ సంతకం పెట్టించాడు. ఆ వారమే గురువారం నాడు, ఏదో శబ్దం వస్తోందని తన బండికి రెండు ఆర్ములూ మార్పించుకున్నాడు. మార్చింది నేనే. బావ పోయిన దుఃఖంలో ఉండి, మొదటిసారిగా ఆ బండికే ప్రతి నట్టూ మూడుసార్లు బిగించాను.

"మీ బండికి ఏ శబ్దమూ రాలేదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "మీ ప్రాణానికి కొత్త ఆర్ములు. మా బావకి నా సంతకం. అంతేగా? మనిషివేనా నువ్వు?"

ఆయన మొహం పాలిపోయింది. మరుక్షణం మీదపడి ముక్క గుంజుకున్నాడు. నా వేళ్లు గ్రీజుతో జారాయి. గొడుగు కూడా వదిలేసి కారు వైపు పరిగెత్తాడు.

అప్పుడు చూశాను. షెడ్డులో బళ్లు లేస్తున్నాయి. పంతొమ్మిదీ... ఒకదాని తర్వాత ఒకటి... బరువు దిగిపోయినట్టు. అన్నిటికంటే ఆఖరున, నా పక్కన, బావ బండి.

గుమ్మం దగ్గర మేనేజరు కారు కుంగింది. ఒక మూల... రెండో మూల... వెనక... చక్రాలు కనపడనంతగా... బండి కడుపు నేలకి ఆనేదాకా.

"ఎక్కకండి సార్!" అని అరిచాను. "దాంట్లో ఎక్కకండి!"

కోపంలో ఉన్నవాడికి ఏం కనపడుతుంది? తలుపు తెరిచి, ముక్కని పక్క సీటు మీదికి విసిరి, ఎక్కేశాడు. కారు కదిలింది. అడుగు రేకు సిమెంటు మీద గీసుకుపోతూ గర్‌ర్‌ర్... వానలో కూడా నిప్పురవ్వలు లేచాయి. గేటు దాకా నలభై అడుగులు కూడా ఉండవు. అక్కడ ఆగిపోయింది.

అరుపు ఒక్కటే వినిపించింది. సగంలో తెగిపోయింది.

నేనూ తాతా ఒకేసారి చేరాం. తలుపులన్నీ బిగుసుకుపోయాయి. లోపల మేనేజరు సీటుకి అతుక్కుపోయి ఉన్నాడు. బెల్టు ఛాతీలోకి దిగబడిపోయింది. కళ్లు బయటికి వచ్చాయి. పెదాలు కదులుతున్నాయి. రాయితో అద్దం పగలగొట్టాను.

"దిగమను..." అంటున్నాడు. ఊపిరి అందటం లేదు. "దిగమను వాళ్లని... నా మీద... అందరూ..."

కత్తితో బెల్టు కోసి, కిటికీలోంచే ఇద్దరం కలిసి బయటికి లాగాం. తడి నేల మీద పడి చేపలా గిలగిల కొట్టుకున్నాడు. ఆయన దిగాక కూడా కారు పైకి లేవలేదు. నేను లోపలికి చెయ్యి పెట్టి, పక్క సీటు మీది ముక్క తీసుకున్నాను. కారు లోపలి చలికి చెయ్యి కొయ్యబారిపోయింది.

అప్పుడు లేచింది. మెల్లిగా. ఒక మూల. ఆగి, ఇంకో మూల. ఒక్కొక్కరే దిగుతున్నట్టు.

తాత నా చొక్కా పట్టుకున్నాడు. "లోపల ఇంకెవరున్నారురా?"

"ఎవరూ లేరు తాతా."

"మరి దిగుతున్నదెవరు?"

ఆ రాత్రి మేనేజర్ని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఐదు పక్కటెముకలు విరిగాయి. దేనికీ గుద్దుకోని బండిలో ఎలా విరిగాయని డాక్టరు రెండుసార్లు అడిగాడు. తెల్లారి ఆరింటికి కంపెనీ లారీ వచ్చింది. గేటు తాళం దొరకడం లేదని తాత దాన్ని పదింటిదాకా వానలోనే నిలబెట్టాడు. తాళం ఆయన జేబులోనే ఉంది.

తొమ్మిదింటికి అక్క వచ్చింది. లాయర్ని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ముక్క ఆవిడ చేతిలో పెట్టాను. తన కళ్లెదుట తియ్యలేదని కోప్పడుతుందనుకున్నాను. నట్టు మీద బొటనవేలు పెట్టి తిప్పడానికి చూసింది. తిరగలేదు. ఇంకోసారి చూసింది. తిరగలేదు.

"నువ్వు బిగించిందేనా?"

"నేనేనక్కా."

దాన్ని కొంగుతో చుట్టింది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

నాకు ఏడుపు ఆగలేదు.

కేసు నడుస్తోంది. నా సంతకం బలవంతంగా తీసుకున్నదని రాసిచ్చాను. ముక్క కోర్టులో ఉంది. కంపెనీ మాత్రం ఇప్పటికీ ఏడుగురే అంటోంది. మిగతావాళ్ల ఇళ్లు వెతికి పట్టుకోవాలని అక్క ఊరూరా తిరుగుతోంది. రోడ్డు పక్క గోడలు, కాలవలు, 'డ్రైవరు పొరపాటు' అని మూసేసిన కాగితాలు. ఇప్పటికి పదకొండు ఇళ్లు దొరికాయి. మేనేజరు బతికాడు. ఉద్యోగం మానేశాడు. ఏ బండీ ఎక్కట్లేదని, ఎంత దూరమైనా నడిచే వెళతాడని విన్నాను. జాలి కలగాలి. కలగలేదు.

ఆ రాత్రి తర్వాత మూడో రోజున పోలీసులు ఆయన కారు తెరిపించి, లోపలి సామాను తియ్యమని నాకు చెప్పారు. డ్రైవరు బెల్టు నేను కోసిందే. మిగతా నాలుగు చూశాను. నాలుగూ పెట్టి ఉన్నాయి. ఖాళీ సీట్ల మీద, బకిల్సు పడి, లాగి బిగించినట్టు. వెనక సీటు మధ్యలోది నడుముకి పెట్టుకునే బెల్టు. మిగతా మూడూ మనిషి పట్టేంత ఉన్నాయి. అది మాత్రం లోపలికి, ఇంకా లోపలికి లాగి, నా రెండు పిడికిళ్లు పట్టేంత మేర మాత్రమే ఉంచారు. తర్వాత ఏడుగురి వివరాలూ లాయరు దగ్గర చదివాను. దొరికిన పదకొండు ఇళ్లకీ అక్కతో వెళ్లాను. పోయినవాళ్లందరూ పెద్దవాళ్లే, పసిబిడ్డ ఒక్కరూ లేరు.

మీట నొక్కితే ఊడలేదు. కత్తి పెట్టి కోశాను. మూడు రోజులుగా అద్దం పగిలి వానలో నిలిచిన బండి. సీట్లన్నీ మంచులా ఉన్నాయి.

ఆ బెల్టు మాత్రం వెచ్చగా ఉంది.